పదమూడు మెట్లు

3, సోమవారం

మేస్త్రి ఇవాళ సెట్టు మొదలుపెట్టాడు. చెక్క పొట్టుకి తుమ్ములే తుమ్ములు. నా స్టూలు తెచ్చుకుని ఎప్పటిలాగే కుడివైపు తెర పక్కన వేసుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా నా చోటు అదే. నటుడు మాట మర్చిపోతే అక్కడి నుంచి గుసగుసగా అందించాలి. వాడికి వినబడాలి, ముందు వరసకి వినబడకూడదు. పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం, సాయంత్రం ఇక్కడ మాటలు అందించడం. రెండు చోట్లా మాటలు నావి కావు. అదే నాకు హాయి.

ఈసారి నాటకం తమ్ముడిది. రాసిందీ వాడే, ఆడిస్తున్నదీ వాడే. కథ మా ఇంటిదే. నాన్న విరిచిన వాడి ఎడమ చెయ్యి, ఆస్పత్రి, అమ్మ.

మేస్త్రి చెవి మీద పెన్సిలుతో నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఇది మీ చిన్నప్పటి ఇల్లట కదా. మెట్లు ఏ పక్కనుండేవి?"

"ఎడమ పక్క" అన్నాను.

"ఎన్ని?"

"పదమూడు."

తమ్ముడు అవతల నుంచి విని తలూపాడు. "అవును, పదమూడే. ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతున్నాయి" అన్నాడు.

4, మంగళవారం

మా ఇంట్లో మెట్లు లేవు.

రెండు గదులు, వెనక వంటిల్లు. అన్నీ నేల మీదే. గడప తప్ప ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు.

మేస్త్రికి అలా ఎందుకు చెప్పానో తెలియదు. తమ్ముడు ఏ పక్కో, ఎన్నో లేకుండా కాగితం మీద మెట్లు గీసి మేస్త్రికి ఇచ్చాక, లేవని నేనంటే అల్లరవుతుందనిపించింది. అంతే, ఇంకేం లేదు.

6, గురువారం

ఆస్పత్రి సీను సెట్టు మీద మొదటిసారి ఆడించారు.

ఎనిమిదేళ్ల పిల్లాడు బల్ల మీద పడుకుని ఉంటాడు. ఆ వేషం పాతికేళ్ల కుర్రాడు వేస్తున్నాడు. వాడి ఉంగరాల జుట్టు చూసి అందరూ వాణ్ణి 'ఉంగరాలు' అని పిలుస్తారు. అమ్మ వేషం వేసే ఆవిడ వంగి వాడి చెవిలో ఏదో చెబుతుంది. హాల్లో ఎవరికీ వినబడదు. డాక్టరు వచ్చి, పెన్ను మూత తీసి, "ఏం జరిగింది బాబూ?" అంటాడు. పిల్లాడు "మెట్ల మీద నుంచి పడ్డాను" అంటాడు. డాక్టరు పెన్ను మూత పెట్టేసి జేబులో పెట్టుకుంటాడు. అక్కడి నుంచి అమ్మ మీద విచారణ. మొగుణ్ణి కాపాడుకోవడానికి బిడ్డకి అబద్ధం నేర్పిన తల్లి. ఆ అబద్ధం వల్ల పిల్లాడు హాస్టలుకి వెళ్లేదాకా ఇంకో అయిదేళ్లు అదే ఇంట్లో, అదే నాన్న చేతుల కింద ఉంటాడు.

తీర్పు ప్రేక్షకులదే. బయటికి వెళ్లే దారిలో రెండు పెట్టెలు. తల్లిది తప్పే అనుకుంటే చించిన టికెట్టు ముక్క నల్ల పెట్టెలో, కాదనుకుంటే తెల్ల పెట్టెలో. మర్నాడు ఉదయం లెక్కపెట్టి బోర్డు మీద రాసే పని నాకు అప్పజెప్పాడు. "నువ్వయితే నమ్మకంగా లెక్కపెడతావక్కా" అన్నాడు.

అమ్మ వేషం ఆవిడ వాణ్ణి అడిగింది. "చెవిలో సరిగ్గా ఏమందండీ మీ అమ్మగారు?"

"నొప్పికి కళ్లు మూసుకునున్నాను. ఆడగొంతు, గుసగుసగా. మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పరా, అంది. దాని తర్వాత ఇంకో మాట కూడా అంది. అది మాత్రం రాయలేదు. అది నా దగ్గరే ఉండనీ."

ఆ రెండో మాట ఏమిటో నాకు తెలుసు.

7, శుక్రవారం

రాసుకుంటే పోతుందేమో. ఈ పుస్తకం ఎవరు చూడొచ్చారు.

ఆ గొంతు అమ్మది కాదు. నాది.

అప్పుడు అమ్మ ఆస్పత్రిలోనే లేదు, కుట్టు మిషన్ల దగ్గర పనిలో ఉంది. వాణ్ణి మోసుకొచ్చింది నాన్న. బయట వరండాలో నిలబడి సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తున్నాడు. బల్ల పక్కన నేను. నాకు పదకొండేళ్లు. నాన్న చెప్పమంటేనే చెప్పాను. చెప్పకపోతే నన్ను కూడా కొట్టేవాడు. చిన్నపిల్లని, ఏం చేస్తాను?

అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మాట అయిపోయింది. డాక్టరు అడిగాడు, మెట్ల మీద నుంచి పడ్డాడటగా అని. అమ్మ నా వైపు చూసింది. మెట్లు లేవని తెలియనిదా. చూసి, "అవునండీ" అంది. తర్వాత అడిగినవాళ్లందరికీ అదే చెప్పీ చెప్పీ, పడింది అబద్ధమని తెలిసినా, ఆ మెట్లు మాత్రం వాడికి నిజమైపోయాయి.

అయిదేళ్లు. ఆ పెన్ను మూత పడకపోయి ఉంటే ఆ అయిదేళ్లు ఉండేవి కావు. తమ్ముడు ఆ లెక్కంతా అమ్మ ఖాతాలో వేసుకున్నాడు. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆ పదో రోజు నుంచి వాడు అమ్మతో మాట్లాడలేదు, మా గడప తొక్కలేదు. నాతో మాత్రం బాగానే ఉంటాడు. ఎక్కడికెళ్లినా "మా అక్క లేకపోతే నేను లేను" అంటాడు.

9, ఆదివారం

నిన్న మొదటి ఆట. ఇవాళ ఉదయం పెట్టెలు తెరిచాను. నల్లదాంట్లో నూట ముప్ఫై ఒకటి, తెల్లదాంట్లో నలభై.

బోర్డు మీద రాయబోతూ ఆగి, పిడికెడు ముక్కలు తీసి తెల్లదాంట్లో వేశాను. తర్వాత లెక్క నూట పది, అరవై ఒకటి.

అమ్మ కోసమే.

12, బుధవారం

అమ్మకి తెలిసిపోయింది. పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. నాటకం చూసొచ్చి, ఉన్నదున్నట్టు అంతా వొప్పజెప్పిందట. పైగా, "నేను తెల్ల పెట్టెలోనే వేశానండీ" అని ఓదార్చిందట.

అమ్మ బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఏమే, మెట్లు కూడా పెట్టాడట?"

"నాటకం కదమ్మా. చూడ్డానికి బాగుంటుందని పెట్టారు."

"చూడ్డానికి నేనూ వస్తాను."

"టికెట్లన్నీ అయిపోయాయి."

"మా ఇంటి కథ చూడ్డానికి నాకే టికెట్టు లేదా?"

నవ్వుతూనే అంది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసి బజారుకి కూడా వెళ్లదు. మర్చిపోతుందిలే.

13, గురువారం

మర్చిపోలేదు.

15, శనివారం

ఉంగరాలు సరిగ్గా ఆ మాట దగ్గరే తడబడ్డాడు.

పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నదొకటుంది. కావాలని ఆగిన నటుడు ఎదుటి మనిషిని చూస్తాడు, మర్చిపోయినవాడు నేలని చూస్తాడు. వీడు నేలని చూశాడు. "ఏం జరిగింది బాబూ?" అన్న ప్రశ్న గాల్లో అలాగే ఉంది. నాటకం పుస్తకం నా ఒళ్లో తెరిచి ఉంది, వేలు ఆ మాట మీదే ఉంది. నోరు తెరుచుకోలేదు. డాక్టరు వేషం అతను తెలివైనవాడు, "పడ్డావా? మెట్ల మీద నుంచా?" అని తానే అందుకుని గట్టెక్కించాడు.

ఆట అయ్యాక తమ్ముడు వచ్చాడు. కోపం లేదు, ఆశ్చర్యం. "అక్కా, నిద్రపోయావా ఏంటి? నువ్వు మాట అందించకపోవడం నేనెప్పుడూ చూళ్లేదు."

"దగ్గొచ్చింది" అన్నాను.

వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. మంచి చేతితో. రెండోది ఎలాగూ అంత ఎత్తు లేవదు.

16, ఆదివారం

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. ఇవాళ మేస్త్రి ఊరికే, "మెట్లు కిర్రుమంటున్నాయి, సరిచేయాలి" అంటే, "నాకేం తెలుసు" అని విసుక్కున్నాను. పాపం, బిక్కమొహం వేశాడు.

ఒకటి ఆలోచిస్తున్నాను. తమ్ముడు నా గుసగుస ఎప్పుడూ వినలేదు. వాడెప్పుడూ హాల్లో చివరి వరసలో కూర్చుని ఆడిస్తాడు. చెయ్యి వంగనివాడికి వేషం ఎవరిస్తారు, అందుకే స్టేజీ ఎక్కలేదు. రిహార్సల్లో నేను మాట అందించేది నటుడి చెవికే. మామూలు గొంతుతో నేనెంత మాట్లాడినా ఫరవాలేదు. గుసగుసలో మాత్రం ఎవరి గొంతయినా మారదు. నలభై నాలుగేళ్లకీ పదకొండేళ్లకీ ఒకటే.

18, మంగళవారం

అమ్మతో గొడవపడ్డాను. వద్దంటే వినదు. పక్కింటావిడ చేత ఆఖరి రోజు ఆటకి టికెట్టు తెప్పించుకుంది. ఆదివారం మధ్యాహ్నం, మూడో వరస.

"అక్కడ వందమంది నిన్ను దోషి అంటారమ్మా. నువ్వు చెయ్యనిదానికి." నోరు జారింది. ముప్ఫై మూడేళ్లలో మేం ఆ సంగతి పైకి అనుకోవడం అదే మొదలు.

అమ్మ చేతులు చూసుకుంది. "అస్సలు చెయ్యలేదని ఎలా అంటావే? నేనొచ్చి అవునన్నాను కదా."

"నా కోసం అన్నావు."

"నీకు పదకొండు, నాకు ముప్ఫై ఏడు. ఎవరు మొయ్యాలి?"

"మరి వాడికి చెప్పొచ్చు కదా, ఇన్నేళ్లు..."

"చెబితే నువ్వూ దూరమవుతావు. వాడికి ఇంట్లో ఒక్కరైనా మిగలొద్దూ" అంది. తర్వాత, నాన్న ఫొటో ఉండే గోడ వైపు చూస్తూ అడిగింది. "ఆయన చెప్పమన్నాడా ఆ రోజు? ఎప్పుడూ అడగలేదు నిన్ను."

"ఆ" అన్నాను.

అమ్మ తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. 

19, బుధవారం

ఏడో తారీకున ఈ పుస్తకంలో రాసింది అబద్ధం.

నాన్న నన్ను ఏమీ చెప్పమనలేదు. నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు ఎప్పుడూ. నేను నాన్న కూచిని. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవాడు, నా జడలు తనే వేసేవాడు, వంకరటింకరగా. ఆ రోజు వరండాలో ఆయన అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తున్నాడు, సిగరెట్టు అంటుకోవడం లేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. బల్ల మీద మూలుగుతున్న తమ్ముణ్ణి చూసి కాదు. నాన్నని తీసుకెళ్లిపోతారేమోనని.

అందుకని వంగి చెప్పాను. స్నేహితురాలి ఇంట్లో మెట్లుండేవి, చూసి మురిసిపోయేదాన్ని. నోటికి అవే వచ్చాయి. పెద్దవాళ్లెవరైనా అయితే లేని మెట్లు చెబుతారా.

పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఎవరు చూస్తారని?

21, శుక్రవారం

ఉంగరాలు మెట్ల మీద నుంచి పడ్డాడు. నిజంగానే.

పదకొండో మెట్టు కిర్రుమంటోందని మేస్త్రి చెబుతూనే ఉన్నాడు. పాదం పక్కకి తిరిగి బెణికింది, ఈ పాటికి గుమ్మడికాయంత అయింది. అందరూ కంగారు పడుతుంటే నాకు నవ్వొచ్చింది. బయటికెళ్లి, సెట్టు సామాను గది వెనక నిలబడి నవ్వుకుని, కళ్లు తుడుచుకుని వచ్చాను.

రేపటి ఆట రద్దు. ఆదివారం ఆఖరి ఆట మాత్రం ఆపనన్నాడు తమ్ముడు.

"ఎవరు వేస్తారు మరి?" అన్నాను.

"ఎవరో ఎందుకు? ప్రతి మాటా నాకొచ్చు. చెయ్యి కూడా నటించక్కర్లేదు" అన్నాడు. నా భుజం తట్టాడు. "ఎలాగూ నువ్వు పక్కనుంటావు."

22, శనివారం

జ్వరం వచ్చిందని చెప్పేద్దామా అనుకున్నాను. వేరే ప్రాంప్టరు లేదు. నేను లేకపోతే వాడు మధ్యలో ఆగిపోతాడు, నలుగురిలో తల దించుకుంటాడు. వెళితే, వాడు ఎక్కడా ఆగకపోవచ్చు కూడా. వాడిదే కదా కథ, ఎందుకు ఆగుతాడు. ఆగడు.

అమ్మ రేపటికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. పెళ్లికి వెళ్తున్నట్టు.

24, సోమవారం

నిన్నటి సంగతి ఉదయం లేచి రాస్తున్నాను. ప్రెస్సుకి సెలవు పెట్టాను.

హాలు నిండింది. తెర సందులోంచి చూశాను. మూడో వరస మధ్యలో అమ్మ, ఒళ్లో చేతిసంచి. పక్కింటావిడ లేదు, ఒక్కతే వచ్చింది. తమ్ముడు కూడా నా పక్క నుంచే చూశాడు. తెర అంచు వదిలేశాడు. "నువ్వు తీసుకొచ్చావా?" అన్నాడు. కాదన్నాను. "మంచిదే" అన్నాడు, "చూడనీ."

మొదటి సగం బాగా చేశాడు. ఉంగరాలు కంటే బాగా. మెట్ల మీద నుంచి దిగేటప్పుడు ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు దిగాడు.

ఆస్పత్రి సీను. బల్ల మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. అమ్మ వేషం ఆవిడ వంగి చెవిలో పెదాలు కదిపి పక్కకి తప్పుకుంది. డాక్టరు పెన్ను తీశాడు. "ఏం జరిగింది బాబూ?"

తమ్ముడు కళ్లు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. మూడో వరస వైపు చూశాడు, అమ్మని చూశాడు. సరే, కావాలని ఆగాడు అనుకున్నాను. తర్వాత తల దించి నేల వైపు చూశాడు.

ఒకటి, రెండు, మూడు. డాక్టరు నా వైపు చూశాడు. ఈసారి తాను అందుకోనని ముందే చెప్పాడు, డైరెక్టరు మాటకి అడ్డు రాలేనని.

మాట అందించకుండా ఉండొచ్చు. అప్పుడు వాడు నవ్వులపాలవుతాడు, అమ్మ అలాగే కూర్చుని ఉంటుంది, ఇంటికొస్తాం, నల్ల పెట్టె నిండుతుంది, వాడు నన్ను ఎప్పటిలా మా అక్క అంటాడు. అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. అది నాకు ఎంత ఆశగా అనిపించిందో రాయకపోతే ఇది కూడా అబద్ధమవుతుంది.

నాటకం పుస్తకంలో ఉన్నది "మెట్ల మీద నుంచి పడ్డాను". నేను పుస్తకం మూసేశాను.

"మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పరా" అన్నాను గుసగుసగా. తర్వాత, వాడు ఎప్పుడూ రాయని మాట కూడా అన్నాను. "చెప్పేయి. నాన్నని ఏమీ అనరు."

వాడి భుజాలు కదలడం ఆగిపోయింది. మెల్లిగా తల తిప్పి తెర పక్కకి, నా స్టూలు వైపు చూశాడు. చీకట్లో నేను వాడికి కనబడను. కనబడక్కర్లేదు.

"ఏం జరిగింది బాబూ?" డాక్టరు మళ్లీ అడిగాడు.

తమ్ముడు నా వైపే చూస్తూ జవాబు చెప్పాడు. "మా ఇంట్లో మెట్లు లేవు."

హాల్లో జనం అదీ నాటకమే అనుకున్నారు. డాక్టరు చేతిలో పెన్ను అలాగే ఉంది, మూత పెట్టలేదు. ఏం చెయ్యాలో తెలియక అమ్మ వేషం ఆవిడ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. తెర దించేశారు. విచారణ సీను జరగలేదు. అయినా ఒకటే చప్పట్లు.

పెట్టెలు ఇవాళ లెక్కపెట్టలేదు. పెట్టను కూడా.

29, శనివారం

ఇవాళ తమ్ముడు ఇంటికొచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత.

నన్ను దాటుకుని అమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గంటకు పైగా ఉన్నారు. ఇన్నేళ్లూ తెర పక్కన కూర్చుని అందరి మాటలూ విన్నదాన్ని, తలుపు ఇవతల నిలబడితే ఒక్క ముక్క వినబడలేదు. ఒకసారి అమ్మ ఏడ్చినట్టుంది. లేక ఏడ్చింది వాడో మరి.

బయటికొచ్చినప్పుడు వాడి చేతిలో అమ్మ బట్టల సంచి ఉంది. కొన్నాళ్లు తన దగ్గర ఉంటుందన్నాడు. నాతో కాదు, గోడతో అన్నట్టు. అమ్మ చెప్పులు వేసుకుంటూ, "పాలు పొయ్యి మీద పెట్టాను, పొంగుతాయి చూసుకో" అంది.

గడప దగ్గర వాడు ఆగాడు.

"ఒక్కటి చెప్పు. నీకెవరు చెప్పమన్నారు? నాన్నేనా?"

గొంతులో ఆశ ఉంది. అవునంటాననే ఆశ. అంటే సంచి కింద పెట్టేవాడు, నాకు తెలుసు. అక్కా అనేవాడు. ఆ మాట నోట్లో తయారుగా ఉంది. అమ్మకి చెప్పినదే, పుస్తకంలో రాసుకున్నదే, బాగా నలిగిన మాట. అమ్మ కూడా తల వంచుకుని, అను, అన్నట్టు నిలబడింది.

"లేదు" అన్నాను. "ఎవరూ చెప్పమనలేదు. నేనే."

వాడు మంచి చేత్తో, వంగని చెయ్యిని మోచేతి దగ్గర పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి అలవాటు.

"నీకప్పుడు ఎన్నేళ్లు?"

"పదకొండు."

"పదకొండు" అన్నాడు. తప్పనలేదు, కాదనలేదు. సంచి భుజానికి వేసుకుని, అమ్మకి చెయ్యి అందించి, గడప దాటించాడు. ఒక్కటే గడప, దానికే అమ్మకి ఇంతసేపు పట్టింది.

పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడిచి వచ్చి చూస్తే బల్ల మీద అమ్మ టికెట్టు ముక్క ఉంది. ఆ రోజు ఏ పెట్టెలోనూ వెయ్యలేదన్నమాట. దాన్ని ఇక్కడ, ఈ పేజీలో పెట్టాను.